బేస్ తగ్గిందా, చెవి తగ్గిందా

కళ్ళజోళ్ళ షాపులో చూపు పరీక్ష చేస్తుంది కాబట్టి వీధంతా ఆమెను డాక్టరమ్మ అనే పిలుస్తుంది. నిజానికి డాక్టరేమీ కాదు. సెలవొస్తే ఆమెకున్న పిచ్చి వేరు, ఇంటి వెనక గదిలో పాటలు రికార్డు చేసుకోవడం. ఈసారి పిన్ని పాడింది, మరిది బరువైన కింది స్వరాలు పలికే బేస్ గిటార్ వాయించాడు. రేడియోవాళ్ళు ఒక ముక్క విని, పూర్తిచేసి ఆదివారం నాలుగింటిలోగా పంపితే ఆరింటికి వేస్తామన్నారు.

ఆదివారం పొద్దున్నే గొంతునీ గిటార్‌నీ సమంగా కలిపే మిక్సింగ్‌కి కూర్చుంది. పిన్ని గొంతు చక్కగా కుదిరింది. కుదరనిది బేస్ ఒక్కటే. కుర్చీలో కూర్చుని వింటే అసలు ఉన్నట్టే లేదు. పెంచింది. ఇంకాస్త పెంచింది. హమ్మయ్య అనుకుని కారులో పెట్టి వింటే తలుపులు గడగడలాడాయి, పిన్ని గొంతు నూతిలోంచి వస్తున్నట్టుంది. పరుగున వచ్చి బేస్‌ని సగానికి సగం తగ్గించేసి మరిదికి పంపింది. ఐదు నిమిషాల్లో ఫోను.

"వదినా, ఒక్కటి అడుగుతా, ఏమనుకోకు. ఆ రోజు నేను వాయించానా, గిటార్ పట్టుకుని ఫోటో దిగానా?"

"వాయించావయ్యా బాబూ. ఫోన్లో వింటే బేస్ ఏం తెలుస్తుంది?"

"మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకునే విన్నాను."

ఎవరికీ చెప్పని భయం ఒకటి నెల రోజులుగా ఆమెను తినేస్తోంది. అమ్మకు వినికిడి తగ్గడం మొదలైంది నలభయ్యో ఏట. ముందు పోయినవి బరువైన శబ్దాలే, దూరంగా వచ్చే లారీ, మగవాళ్ళ గొంతులు. ఇప్పుడు చెవి మిషన్ లేనిదే మాట వినపడదు. తనకు వచ్చే నెలకు ముప్పై తొమ్మిది. అచ్చం అమ్మ పోలికే అని ఎవరైనా అంటే చిన్నప్పుడు మురిసిపోయేది. ఇప్పుడెవరైనా అంటే మాట మార్చేస్తోంది.

మళ్ళీ పెంచింది. మళ్ళీ తగ్గించింది. కంప్యూటర్లో "చివరిది", "అసలైన చివరిది", "ఒట్టు, ఇదే చివరిది" అంటూ పదకొండు ఫైళ్ళు పోగయ్యాయి. ఏది బాగుందో ఆమెకే తెలియడం లేదు.

రెండున్నరకి అమ్మ వచ్చింది. "తిండీ తిప్పలూ లేవటే?" అంటూ మూలనున్న బీరువాకి చేరగిలబడి, ఉలిక్కిపడింది. "ఇదేంటే, ఇలా వణుకుతోంది?"

"ఏది?"

"బీరువా." అమ్మ అరచెయ్యి ఆనించి చూసింది. "నీ పాటకే. మిక్సీ ఆగిందో లేదో కూడా నేను చేత్తోనే కదా చూసుకునేది."

ఆమె లేచి వెళ్ళి అమ్మ పక్కన నిలబడింది. బేస్ దద్దరిల్లిపోతోంది! మళ్ళీ కుర్చీ దగ్గరికి వచ్చింది. ఏమీ లేదు. అడుగులో అడుగు వేస్తూ గదంతా తిరిగింది. ఒక చోట ఉబుకుతోంది, ఇంకో చోట మాయమవుతోంది. సరిగ్గా గది నడుమ, తన కుర్చీ వేసిన చోటే, అసలు లేదు.

"అయితే తప్పు నా చెవిది కాదన్నమాట, ఈ గదిదే," అనేసింది పైకే.

అమ్మకు వినపడలేదు కానీ కూతురి ముఖం చూసింది. "ఏమైంది?"

దాచలేకపోయింది. దగ్గరగా కూర్చుని, గట్టిగా, ఏడుస్తూ అంతా చెప్పింది. అమ్మ ఆమె కళ్ళు తుడిచింది. "నేను పదేళ్ళు దాచి చెడగొట్టుకున్నాను. రేపు చెవి డాక్టర్ దగ్గరికి పోదాం. ముందా పాట పంపించు."

ఇద్దరూ కలిసి బల్లనీ కుర్చీనీ గది నడుమ నుంచి గోడ వైపు జరిపారు. తనకు కంఠతా వచ్చిన పాత పాటొకటి పెట్టి, దాని బేస్ ఎంతుందో విని, తన పాటను దానికి తగ్గట్టు సర్దింది. కారులో విని వచ్చింది. మూడూ యాభైకి పంపింది.

ఆరింటికి వంటింటి రేడియోలో పాట వచ్చింది. పిన్ని గొంతు కింద గిటార్ ఒదిగి నడిచింది. "ఉన్నాను వదినా!" అని మరిది మెసేజ్.

సోమవారం పరీక్షలో కుడి చెవి బాగానే ఉందని తేలింది. ఎడమ చెవికి బరువైన శబ్దాలు కొద్దిగా తగ్గాయట. ఆరు నెలలకోసారి చూపించుకోమన్నారు. బెంగ పోలేదు. కానీ ఎంత తగ్గిందో కాగితం మీద కనిపించేసరికి ఇక దాచాలనిపించలేదు. బయటికి వచ్చాక మరిదికి ఫోన్ చేసి సంగతంతా చెప్పింది.

అతను అడిగాడు: "ఈసారి నేనూ పక్కన కూర్చోనా వదినా?"

"ఎడమ వైపు కూర్చో. బేస్ నువ్వు చూడు."

"నేను చూస్తే నా గిటారొక్కటే వినపడుతుంది మరి."

"పిన్ని ఊరుకుంటుందా!" అంది ఆమె, రెండు రోజుల్లో మొదటిసారి నవ్వుతూ.