సొట్ట పడటానికి పుట్టిన రేకు

నేను ఒక బానెట్‌ను. కారు మొత్తాన్ని కాదు, దాని ముందు మూతను మాత్రమే. మూత అంటే నాకు కొంచెం చిన్నతనంగా ఉంటుంది గానీ, మనుషులు అనే మాట అదే కాబట్టి సర్దుకుపోతాను. మీలో కొందరు ఏ కల్యాణ మండపం ముందో నా పక్కన నిలబడి ఫొటో దిగే ఉంటారు. నా పని మెరవడమే అనుకుని ఉంటారు. నా పని మెరవడం కాదు, సొట్ట పడటం. బతుకులో ఒక్కసారి, సరైన క్షణంలో సొట్ట పడాలి. అందుకోసమే నన్ను పుట్టించారు.

నేను పుట్టకముందే నా గురించి పెద్ద పోట్లాట జరిగింది. ఖరీదైన కార్లు చేసే ఒక కంపెనీకి బెంగళూరులో డిజైన్ ఆఫీసు ఉంది. అక్కడ మేనన్ అనే ఆయనది అందం శాఖ. కారు ముక్కు ఎంత కిందికి ఉంటే అంత ఠీవి అని ఆయన నమ్మకం. కులకర్ణి గారిది పొగ శాఖ. పొగ తగ్గాలంటే కారు బరువు తగ్గాలి, గాలి అడ్డుపడకుండా జారిపోవాలి, పైగా పొగను వడకట్టే డబ్బాలన్నీ ఇంజను పక్కనే ఇరికించాలి. మూడో మనిషి హైమవతి, ఒంగోలు అమ్మాయి. ఆమెది నడిచేవాళ్ళ శాఖ. మిగతా ఇద్దరూ కారు కొనేవాళ్ళ గురించి ఆలోచిస్తుంటే, ఆ కారు ముందు పడబోయేవాళ్ళ గురించి జీతం తీసుకుని ఆలోచించే మనిషి ఆమె. ఆమె కుర్చీని బాత్రూముకు వెళ్ళే దారిలో వేశారంటే ఆ శాఖ పరపతి ఎంతో మీరే ఊహించుకోవచ్చు.

హైమవతి వాదన చాలా మామూలుది. కారు గుద్దితే మనిషి ముందు బానెట్ మీదికే వచ్చి పడతాడు. కాలు బంపరుకు తగులుతుంది, తల బానెట్‌కు తగులుతుంది. బానెట్ పల్చని రేకు, లొంగుతుంది. దాని కింద ఉన్న ఇంజను మాత్రం ఎవరికీ లొంగదు. కాబట్టి రేకుకూ ఇంజనుకూ మధ్య బెత్తెడు ఖాళీ కావాలి. ఆ బెత్తెడులోనే మనిషి ప్రాణం ఉంది. మేనన్ ఇవ్వనన్నాడు. బానెట్ పైకి లేస్తే కారు కప్పలా కనపడుతుందని ఆయన బాధ. కులకర్ణి కూడా ఇవ్వనన్నాడు. ఎత్తు పెరిగితే గాలి అడ్డుపడుతుంది, పొగ పెరుగుతుంది, పైగా ఆ ఖాళీలో ఆయన అప్పటికే ఒక డబ్బా పెట్టేసుకున్నాడు.

చివరికి ఒకరోజు హైమవతి పరీక్షల్లో వాడే ఉత్తుత్తి తలకాయ ఒకటి తెచ్చి మీటింగు బల్ల మీద, కాఫీ కప్పుల మధ్య పెట్టింది. బెత్తెడు ఎప్పుడూ అక్కర్లేదు, గుద్దిన క్షణంలో ఇస్తే చాలు అంది. కారు మామూలుగా ముక్కు దించుకునే తిరుగుతుంది. బంపరుకు మనిషి కాలు తగిలిందంటే, ఆ కబురు అందుకుని బానెట్ వెనక అంచు చటుక్కున పైకి లేస్తుంది. తల వచ్చి పడేసరికి కింద ఖాళీ సిద్ధంగా ఉంటుంది. మేనన్‌కు అందం దక్కింది, కులకర్ణికి గాలి దక్కింది. ముగ్గురూ ఒప్పుకున్నారు. మిగతా ఇద్దర్నీ తానే బోల్తా కొట్టించానని ఎవరికి వాళ్ళు సంతోషపడ్డారు.

అలా నేను రాజీలో పుట్టాను. తేలిగ్గా ఉండాలని అల్యూమినియంతో చేశారు. ఫ్యాక్టరీ నుంచి బయల్దేరే ముందు హైమవతి నా మీద అరచెయ్యి ఆనించి, ఎవరూ వినకుండా తెలుగులో ఒక మాట అంది.

"ఎవురిదో ఒక తల నీ మీద పడిద్ది. జాగర్తగా పట్టుకో."

ఆ రోజు నుంచి నేను ఆ తల కోసం ఎదురుచూస్తూ బతికాను.

నన్ను కొన్నది గుంటూరు మిర్చి యార్డులో కమీషను వ్యాపారం చేసే పూర్ణయ్య గారు. గుడి ముందు వాహన పూజ జరిగింది. నాకు పసుపు రాశారు, కుంకుమ పెట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించారు. అంతవరకూ మర్యాదగానే ఉంది. దండ వేయడానికి వంగిన పూర్ణయ్య గారు ఊతం కోసం నా మీద చెయ్యి వేశారు. నేను కాస్త లొంగాను. లొంగడం నా స్వభావం. ఆయన మొహంలో రంగు మారిపోయింది.

"ఏందయ్యా ఇది? అప్పడంలాగా నొక్కుకుపోతంది! ఇంత పోసి కొంటే రేకు ఇట్టాంటిదా ఇచ్చేది?"

షోరూం మేనేజరు చేతులు నలుపుకున్నాడు. "అది కావాలనే అట్లా చేశారు సార్. రోడ్డు మీద నడిచేవాళ్ళ కోసమండి."

"నడిచేవాళ్ళ కోసం నేను కొనడమేంది? వాళ్ళే కొనుక్కుంటారు!"

మర్నాడే డ్రైవరు సుభానీని తోడు తీసుకుని నన్ను విజయవాడ ఆటోనగర్‌కు పట్టుకెళ్ళారు. అక్కడ నా ముందు లావుపాటి స్టీలు గొట్టాలతో ఒక గార్డు పెట్టించారు. "చట్టం ఒప్పుకోదండీ" అంటూనే మిస్త్రీ బోల్టులన్నీ బిగించాడు. పూర్ణయ్య గారు గార్డును తన్ని చూసి, కాలు నొప్పి పుట్టాక తృప్తిపడ్డారు.

నా సంగతి ఏమైందో చెప్తాను. ముందు ఇనుప గొట్టం ఉంటే మనిషి కాలు బంపరుకు తగలదు. తగలకపోతే నాకు కబురు రాదు. కబురు రాకపోతే నేను లేవను. పడ్డ తల నేరుగా ఇంజను మీద పడ్డట్టే. బెంగళూరులో అన్నాళ్ళ పాటు ముగ్గురు పోట్లాడి సాధించింది ఆటోనగర్‌లో ఒక్క టీ తాగే లోపల పోయింది. నాకు ఏడుపొచ్చింది. రేకుకు ఏడుపేమిటని అడగకండి, వచ్చింది.

కారు తనంతట తాను బ్రేకు వేసుకునే ఏర్పాటు కూడా ఒకటి ఉండేది. గుంటూరు కొత్తపేట సందుల్లో ప్రతి ఆటోకూ ప్రతి గేదెకూ అది కీచుమంటూ బ్రేకు వేయబోయేది. "ఈ గోలేందిరా, దాని నోరు మూయించు" అన్నారు పూర్ణయ్య గారు. రోజూ పొద్దున్నే దేవుడి పటానికి దణ్ణం పెట్టుకుని ఆ మీట నొక్కి ఆపేయడం సుభానీకి అలవాటైపోయింది.

ఇక పొగను వడకట్టడానికి కులకర్ణి గారు డబ్బాలో పెట్టిన జల్లెడ కథ. పూర్ణయ్య గారు యార్డులో బేరాలు చూసుకునేంతసేపూ సుభానీ ఏసీ వేసుకుని ఇంజను ఆపకుండా కారులో కూర్చునేవాడు. బండి కదలకుండా తిరిగే ఇంజను మసితో జల్లెడ పూడుకుపోయి ఎర్ర దీపం వెలిగింది. వారానికోసారి హైవే మీద జోరుగా తిప్పితే లోపలి మసి కాలిపోతుందని షోరూంవాళ్ళు చెప్పారు. సరిగ్గా ఆ వారమే డాక్టరు కూడా పూర్ణయ్య గారికి ఒళ్ళు కదలాలి, రోజూ నడవండి అని చెప్పాడు. రోజూ అంటే ఆయన ఆదివారం అని అర్థం చేసుకున్నారు. అప్పట్నుంచీ ప్రతి ఆదివారం పొద్దున ఏటుకూరు బైపాస్ దగ్గర ఆయన దిగి సర్వీసు రోడ్డు మీద నడిచేవారు. సుభానీ కారును చిలకలూరిపేట వైపు పరుగెత్తించుకుని వచ్చేవాడు. అలా కారుకు పరుగు, యజమానికి నడక అలవాటయ్యాయి. తను కూడా నడిచేవాళ్ళ శాఖలో చేరానని ఆయనకు తట్టలేదు.

ఇంతలో అనసూయమ్మ గారి మేనల్లుడి పెళ్ళి వచ్చింది. అనసూయమ్మ గారంటే పూర్ణయ్య గారి భార్య. పెళ్ళికొడుకును ఊరేగించడానికి మా కారే కావాలన్నారు. తెనాలి నుంచి వచ్చిన పూల డెకరేషను మనిషి నా చుట్టూ తిరిగి పెదవి విరిచాడు. ఆ కడ్డీలుంటే పూలు కుదరవన్నాడు.

"పెళ్ళికొడుకు కారుకి ఆ జైలు ఊచలేందండీ? తీయించండి" అన్నారు అనసూయమ్మ గారు. ఇంట్లో ఆవిడ మాటకు తిరుగులేదు. సుభానీ గార్డు ఊడదీసి షెడ్డులో పడేశాడు. చాలాకాలం తర్వాత నా మొహానికి గాలి తగిలింది. మేనన్ గారి అందం శాఖ వల్ల నాకు జరిగిన మేలు అదొక్కటే.

"సోమారం ఆటోనగర్ పొయ్యి మళ్ళీ బిగించుకురా" అని పూర్ణయ్య గారు పురమాయించారు. సోమవారానికి ముందు ఆదివారం ఉంది.

ఆ పొద్దున పరుగు ముగించుకుని సుభానీ, నేను సర్వీసు రోడ్డులోకి దిగాం. పక్కన గడ్డి ట్రాక్టరు ఒకటి ఆగి ఉంది. దాని అవతల పూర్ణయ్య గారు ఫోనులో ఎవరితోనో మిర్చి ధర గురించి అరుస్తున్నారు. తన కారు రావడం చూశారు. మన దేశంలో నడిచేవాళ్ళకు అరచెయ్యే బ్రేకు కదా. ఫోను చెవి దగ్గరే ఉంచుకుని, రెండో అరచెయ్యి నా వైపు చాచి, ట్రాక్టరు చాటు నుంచి తాపీగా రోడ్డు మీదికి అడుగు వేశారు. ఎవరి కారుకైనా చెయ్యి చూపిస్తే ఆగుతుందని మామూలు మనిషే నమ్ముతాడు. తన కారు ఆగదని ఆయన ఎలా అనుకుంటారు?

"యా అల్లా!" అంటూ సుభానీ బ్రేకు మీద నిలబడ్డాడు. చక్రాలు ఆగినా కారు ఆగలేదు.

బంపరుకు కాలు తగిలింది. కబురు వచ్చింది. నేను లేచాను.

తల వచ్చింది. రంగు వేసిన జుట్టు, నుదుట ఆదివారం కుంకుమ. గుడి ముందు నన్ను అప్పడమన్న మనిషి తల. నాకు చాతనైనంతా లొంగాను, లోపలికి ఇంకా లోపలికి, ఇంజను దాకా పోనివ్వకుండా పట్టుకున్నాను. అంత భయం నాకు ఎప్పుడూ వేయలేదు. అంత ఆనందమూ ఎప్పుడూ కలగలేదు.

ఆయన నా మీంచి జారి రోడ్డు మీద పడ్డారు. సుభానీ ఆయన తలను ఒళ్ళో పెట్టుకుని, "బాబుగారూ, కళ్ళు తెరవండి బాబుగారూ" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కాసేపటికి ఆయన కళ్ళు తెరిచారు.

"బండికేమన్నా అయిందేంట్రా?" అన్నారు.

జబ్బ ఎముక విరిగింది, మోకాలు బెణికింది. తలకు బొప్పి తప్ప ఏమీ కాలేదు. ఆసుపత్రిలో డాక్టర్లు ఆశ్చర్యపోయారు. ఇంట్లోవాళ్ళు మాత్రం ఆశ్చర్యపోలేదు. పూజలో తొక్కించిన నిమ్మకాయల మహిమ అన్నారు కొందరు. అనసూయమ్మ గారు దిష్టి పోయిందని గుమ్మడికాయ కొట్టించారు. పూర్ణయ్య గారు పరామర్శకు వచ్చినవాళ్ళందరికీ, "మా వంశంలో అందరియీ గట్టి తలకాయలేనయ్యా" అని చెప్పుకున్నారు. నా ఊసు ఎవరూ ఎత్తలేదు.

ఒకసారి లేచిన బానెట్‌ను మళ్ళీ వాడరు. షోరూంలో నన్ను ఊడదీసి గోడకు ఆనించారు. సంగతి తెలిసి బెంగళూరు నుంచి హైమవతి చూడ్డానికి వచ్చింది. ఎన్నో ఉత్తుత్తి తలలు పడగొట్టి చూసిన మనిషి, నిజం తల పడ్డ బానెట్‌ను అదే మొదటిసారి చూడటం. నా సొట్టలో చెయ్యి పెట్టి లోతు కొలిచింది. కారు తీసుకెళ్ళడానికి పూర్ణయ్య గారు కర్ర ఊతంతో సుభానీ వెంట అప్పుడే వచ్చారు.

"ఎవరిదండీ తల?" అని అడిగింది హైమవతి మేనేజరును.

"నాదేనమ్మా" అన్నారు పూర్ణయ్య గారు, కొంచెం గొప్పగా.

ఆమె చప్పున లేచి నమస్కారం పెట్టింది. "మీ తల కోసం మేం శానా పోట్లాడుకున్నామండీ. అప్పుడు అది మీదని తెలవదు." ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, నవ్వుతూనే తుడుచుకుంది. తర్వాత నా లేవడం సంగతంతా ఆయనకు చెప్పింది.

"మరి గార్డుండుంటే?" అన్నాడు సుభానీ. "ఆ వారమే తీశామమ్మా, పెళ్ళి పూలకి అడ్డమొచ్చిందని."

"ఉంటే ఇది లేచేది కాదన్నా."

పూర్ణయ్య గారు చేతికర్రను సుభానీకి ఇచ్చారు. మెల్లగా వంగి, గుడి ముందు నన్ను నొక్కిన ఆ అరచెయ్యే తెచ్చి నా సొట్టలో పెట్టారు. ఇంకో చెయ్యి తెలియకుండానే వెళ్ళి తలను తడుముకుంది.

గుమ్మం దాటుతుండగా సుభానీ అడగనే అడిగాడు. "సార్, గార్డు బిగించుకురమ్మంటారా?"

"వద్దులేరా. మళ్ళీ ఏదో ఒక పెళ్ళొస్తది. ప్రతిసారీ ఎవడు ఊడబీకుతాడు."

ఇప్పుడు నేను ఆటోనగర్‌లో ఒక పాత సామాన్ల కుప్ప మీద ఉన్నాను. మొన్న ఎవరో నా పక్కన ఒక ఇనుప గార్డును విసిరేసి పోయారు. చూడగానే గుర్తుపట్టాను. దాని మీద ఇంతవరకూ ఒక్క గీత లేదు. కొట్టు యజమాని దాన్ని తట్టి చూసి, సరుకు కొత్తదిలాగే ఉందని మెచ్చుకుని లోపల నీడలో పెట్టుకున్నాడు. నన్ను చూసి, "ఇది సొట్ట పడిందిరా, కరగబెట్టడానికి తప్ప పనికిరాదు" అన్నాడు.

అననీయండి. అది పూర్ణయ్య గారి తల కొలత.