ఆదివారం మూసిన బేకరీ

సెలవు రోజున కోరాబిన్ ఊరికి వచ్చినవాళ్లను ముందుగా పలకరించేది రొవీనా పెన్‌హాల్ బేకరీ వాసన. పాత రైల్వే స్టేషన్‌ను ఆనుకునే ఆ బేకరీ ఉంటుంది. పట్నం నుంచి వచ్చినవాళ్లు సైకిళ్లు గోడకు ఆనించి, హెల్మెట్లు బల్లల మీద పెట్టి, మాంసం కూరిన వేడి పైలు ఊదుకుంటూ తింటారు. కొందరు కాఫీ కప్పు చేతపట్టుకుని, తాగుతూనే పట్టాల్లేని పాత రైలుబాట మీదికి నడుస్తారు. కౌంటర్ వెనక నిలబడి ఆ సందడి చూస్తుంటే రొవీనాకు కడుపు నిండినట్టుండేది. మా ఊరి బాట కోసం ఇంత దూరం నుంచి వస్తున్నారు కదా అని వచ్చినవాళ్లందరితో చెప్పుకునేది.

గర్వపడటంలో తప్పేమీ లేదు. రైలు ఆగిపోయి, ఆ తర్వాత పాల ఫ్యాక్టరీ కూడా మూతబడి, ఊళ్లో దుకాణాలకు ఒక్కొక్కటిగా తాళాలు పడిన రోజులు ఆమె చూసింది. పట్టాలు ఊడదీసుకుపోయాక మిగిలిన కట్టంతా ముళ్లపొదలు అల్లుకున్నాయి. దాన్ని నడకకూ సైకిళ్లకూ గుర్రాలకూ బాటగా మార్చుకుందామని మొదట అన్నది ఊరి బడి టీచరు హెట్టీ మాక్లూర్. అప్పుడు నవ్వినవాళ్లే ఎక్కువ. ఆవిడ మాత్రం పట్టు విడవలేదు. పాడిరైతులనూ పిల్లల తల్లిదండ్రులనూ వెంటేసుకుని ముళ్లు కొట్టించింది, వాగు మీది వంతెనకు కొత్త పలకలు వేయించింది. చచ్చిపోతుందనుకున్న ఊరు ఆ బాట పుణ్యమా అని మళ్లీ ఊపిరి పోసుకుంది.

హెట్టీకి ఇప్పుడు ఎనభై దాటాయి. ఊరంతా ఇంకా "మిస్" అనే పిలుస్తుంది. మోకాళ్లు అరిగిపోవడంతో ఆవిడ బ్యాటరీతో నడిచే చిన్న బండి మీద తిరుగుతుంది. ఇల్లు వాగుకు అవతల. పెద్దరోడ్డు మీద పాల లారీలు దూసుకుపోతుంటాయి, పక్కన నడవడానికి అడుగు జాగా ఉండదు. కాబట్టి ఊళ్లోకి రావడానికి ఆవిడకున్న దారి రైలుబాట ఒక్కటే. రోజూ పొద్దున్నే బేకరీకి వచ్చి, నల్లబల్ల మీద రొవీనా రాసిన ధరల పట్టికలో అక్షరదోషాలు దిద్ది, ఆ తర్వాతే టీ తాగేది.

బాటను చూసుకోవడానికి మిత్రుల సంఘమని ఒకటుండేది. ఒకప్పుడు దానిలో ఊరు సగం ఉండేది. రానురాను బెర్నీ క్విల్టీ, అతనితోపాటు ఇద్దరు ముసలివాళ్లూ మిగిలారు. బెర్నీ పాల ట్యాంకర్ నడిపి రిటైరైన మనిషి. సంఘానికి కార్యదర్శీ అతనే, కూలీ అతనే. ప్రతి నెలా మొదటి ఆదివారం ముగ్గురూ పారలు పట్టుకుని బయల్దేరేవారు. కాలువల్లో ఆకులు తీయడం, వంగిన కొమ్మలు కొట్టడం, కోసుకుపోయిన చోట కంకర పోయడం, ఇదీ వాళ్ల పని. ముగ్గురి చేతులకు బాటంతా అందేది కాదు.

రొవీనాను అతను ఎన్నిసార్లు పిలిచాడో లెక్కలేదు. ఆదివారం గిరాకీ విడిచి ఎలా రానని ఆమె ప్రతిసారీ ఒకటే జవాబు చెప్పేది. మనసు ఊరుకోక ఒక అట్టపెట్టె నిండా పైలు పంపేది. దాంతో తన వంతు తీరిపోయిందనే అనుకునేది.

"పైలు అదిరిపోయాయి రొవీనా," అన్నాడు బెర్నీ ఒకసారి. "కానీ వాటికి చేతులు లేవు. పార పట్టుకోమంటే పట్టుకోవడం లేదు."

ఆమె నవ్వేసింది. అతనూ నవ్వాడు. అంతటితో ఆ మాట మరుగున పడింది.

ఆ ఏడు చలికాలం వానలు పట్టుకున్నాయి. ఒక రాత్రంతా కుండపోతగా కురిసి తెల్లారింది. మిస్ రావలసిన వేళ దాటిపోయింది. కప్పులో పోసి ఉంచిన టీ చల్లారింది. రొవీనాకు మనసు కీడు శంకించింది. దుకాణం తమ్ముడు గార్త్‌కు అప్పగించి, వానకోటు తగిలించుకుని బాట వెంట పరుగులాంటి నడకతో వెళ్లింది.

వంతెన దాటగానే కనిపించింది. బాటకు అడ్డంగా పెద్ద గండి. అందులో ఒక చక్రం దిగబడి బండి పక్కకు ఒరిగిపోయి ఉంది. మిస్ బురదలో కూర్చుని, ఎడమచేతిని కుడిచేత్తో పొదివి పట్టుకుని ఉంది. పెదాలు నీలంగా మారాయి.

"ఆలస్యమైపోయింది, ఏమనుకోకు," అంది రొవీనాను చూసి. "ఇవాళ బోర్డు మీద తప్పులు నువ్వే దిద్దుకో."

అంబులెన్స్ వాళ్లు వచ్చి ఆవిడను ఎక్కించుకున్నారు. మణికట్టు విరిగిందని, చలికి ఒళ్లు గడ్డకట్టుకుపోయిందని, ఇంకాస్త ఆలస్యమైతే ప్రాణానికే ముప్పు వచ్చేదని చెప్పారు. అంబులెన్స్ వెళ్లాక రొవీనా అక్కడే నిలబడిపోయింది. ఇన్నేళ్లుగా ఎన్ని వానలకో తట్టుకున్న బాట ఇప్పుడెందుకు తెగిందో ఆమెకు అర్థం కాలేదు. పక్క కాలువలోకి దిగి చూసింది. బాట కింద నీళ్లు పోయే తూము పూర్తిగా పూడుకుపోయి ఉంది. దారి లేని నీళ్లు బాట మీదుగా పొర్లి దాన్ని కోసేశాయి.

తూములో చెయ్యిపెట్టి లాగింది. నీలగిరి ఆకులు, కొమ్మలు, వాటి మధ్య ఇరుక్కున్న కాగితం కప్పులు, సంచులు. ఒక కప్పు మీద బురద బొటనవేలితో తుడిచింది. ఎర్రటి అక్షరాలు బయటపడ్డాయి: పెన్‌హాల్ బేకరీ. మరొకటి తుడిచింది. అదీ అంతే.

పాఠకులారా, ఆ కప్పులను అక్కడ పారేసింది రొవీనా కాదు. ఆ మాట చెప్పి తప్పుకోవచ్చు కూడా. కానీ ఆ క్షణాన ఆమెకు ఆ మాట నోటికి రాలేదు.

మర్నాడు ఊరి పాలన చూసే కౌన్సిల్ వాళ్లు వాగు దగ్గర అడ్డుకంచె పెట్టారు. చూసుకునే మనుషులు లేని బాట ప్రమాదమని, వసంతకాలానికల్లా పరిస్థితి మారకపోతే ఆ భాగం శాశ్వతంగా మూసేస్తామని చెప్పారు. ఊరికి రక్తం ఉడికింది. బేకరీలో పొద్దస్తమానం అవే మాటలు. పన్నులు వసూలు చేయడం తెలిసినవాళ్లకు ఒక కాలువ తీయించడం చేతకాదా అని గార్త్ అందరికంటే గట్టిగా అరిచాడు.

రొవీనా లోపలికి వెళ్లి, తూములోంచి తీసిన కప్పులను తెచ్చి కౌంటర్ మీద పోసింది.

"ఇవి కౌన్సిల్ తాగిన కాఫీలు కావు గార్త్," అంది. "వచ్చే మొదటి ఆదివారం దుకాణం మూసేస్తున్నాను. కాలువ తీయడానికి వెళ్తున్నా."

"మతిపోయిందా నీకు? ఆదివారం బేకరీ మూసేవాళ్లను ఎక్కడైనా చూశావా?"

"బాట మూతబడ్డాక అన్ని రోజులూ ఆ ఆదివారంలాగే మూసుకుని కూర్చోవాలి. ఆలోచించుకో."

గార్త్ ఏప్రాన్ విసిరికొట్టి వెనక గదిలోకి వెళ్లిపోయాడు. బల్లల దగ్గర కూర్చున్నవాళ్లు ఎవరి కాఫీలోకి వాళ్లు చూసుకున్నారు.

పని చేసుకోవడానికి బెర్నీ కౌన్సిల్‌ను అడిగి అనుమతి తెచ్చాడు. ఆ ఆదివారం పట్నం నుంచి వచ్చినవాళ్లకు మూసిన తలుపు కనిపించింది. దాని ముందు నల్లబల్ల మీద సుద్దముక్కతో రాసి ఉంది: "పైలు వంతెన దగ్గర ఉన్నాయి. పారలు కూడా అక్కడే."

కొందరు సణుక్కుంటూ వెనక్కి తిరిగారు. కొందరు ఇదేదో చూద్దామని వచ్చారు. వచ్చినవాళ్లు తూముకు ఈ చివరన మోకాళ్లదాకా బురదలో నిలబడ్డ రొవీనాను, ఆ చివరన బెర్నీని చూశారు. చూస్తూ నిలబడటానికి సిగ్గేసి, ఒక్కొక్కరే పార అందుకున్నారు. కట్ట పక్కన పొలమున్న పాడిరైతు, ఒకప్పుడు ఈ బాట వద్దని అందరికంటే ఎక్కువ మొత్తుకున్న మనిషి, ట్రాక్టరు నిండా కంకర తెచ్చి పోశాడు. మధ్యాహ్నానికి గార్త్ కూడా వచ్చాడు. మొహం మాడ్చుకునే ఉన్నాడు కానీ, ఆ రోజు అతను ఎత్తినన్ని రాళ్లు ఇంకెవరూ ఎత్తలేదు.

తూములోంచి నీళ్లు బుడబుడమని అవతలికి పారినప్పుడు బెర్నీ పార మీద గడ్డం ఆనించి చాలాసేపు చూస్తూ ఉండిపోయాడు. ఏమైందని రొవీనా అడిగింది.

"ఏం లేదు," అన్నాడు. "ఇన్నేళ్లూ ఈ బాట పట్టుకుని వేలాడే పిచ్చివాణ్ని నేనొక్కణ్నే అనుకున్నాను. ఇంతమంది ఉన్నారని ఇవాళే తెలిసింది."

అక్కడితో ఆగలేదు. మొదటి ఆదివారం పని ఊరికి అలవాటైంది. రొవీనా కాగితం కప్పులు మానేసింది. ఊరివాళ్లు ఇళ్లలోంచి తెచ్చిచ్చిన పింగాణీ కప్పుల్లోనే ఇప్పుడు కాఫీ ఇస్తుంది. కూర్చుని తాగండి, తొందరేముంది అంటుంది. గుర్రాల వాళ్లూ సైకిళ్ల వాళ్లూ దారి కోసం ఒకరినొకరు తిట్టుకోవడం మాని, కలిసి మలుపుల దగ్గర కొమ్మలు కొట్టారు. సైకిళ్లవాళ్లు నడిచేవాళ్ల వెనక గంట కొట్టి నెమ్మదిగా దాటడం నేర్చుకున్నారు.

వసంతంలో కౌన్సిల్ ఇంజనీరు వచ్చి బాటంతా నడిచాడు. తూముల్లోకి వంగి చూశాడు. ఏ ముక్కా మూయవలసిన అవసరం లేదని ఆ సాయంత్రమే చెప్పి, అడ్డుకంచె తీయించాడు.

మళ్లీ తెరిచిన రోజున వంతెన దగ్గర ఊరంతా పోగైంది. చేతికట్టు విప్పించుకుని వచ్చిన మిస్‌ను, ఈ బాట మీరు తెచ్చిందే కాబట్టి నాలుగు మాటలు మీరే చెప్పాలని బెర్నీ బతిమాలాడు. ఆవిడ బండి మీద నుంచి లేవలేదు. గొంతు మాత్రం వెనకటి తరగతి గదిలో లాగే చివరి వరసదాకా వినిపించింది.

"నేను తెచ్చానని అంటారు. తేవడానికి కొట్లాడాం. కొట్లాటలో హుషారు ఉంటుంది, పేపర్లో ఫోటో పడుతుంది. వచ్చినదాన్ని నిలబెట్టుకోవడంలో అవేవీ ఉండవు. కాలువలో ఆకులు తీయడమే ఉంటుంది. నిన్న తీసినవే ఇవాళ మళ్లీ తీయాలి. మా వాళ్లు మొదటిది చేశారు, మీరు రెండోది చేస్తున్నారు. మీదే కష్టమైన పని. మీలో చాలామందికి అక్షరాలు దిద్దించింది నేనేనని చెప్పుకోవడానికి ఇవాళ నాకు గర్వంగా ఉంది."

రొవీనా కళ్లు తుడుచుకుంది. పక్కనే ఉన్న గార్త్ అటు తిరిగి వాగును చూస్తున్నాడు.

మిస్ మెల్లగా, స్పష్టంగా అంది: "ఒక్కటి గుర్తుపెట్టుకోండి. పదిమందిదీ అయినదాన్ని ఎవరో ఒకరు చూసుకుంటారులే అని వదిలేస్తే అది ఎవరిదీ కాకుండా పోతుంది. మన చేత్తో చూసుకున్నంత కాలమే అది మనది."