తడవని పక్క

ఇస్త్రీ రోలరు కింద నుంచి వేడివేడిగా జారి వచ్చిన దుప్పటికి రెండు కొసలు మడతక్క పట్టుకుంది. తక్కిన రెండు ఎదురుగా నిలబడ్డ జోడీ పట్టుకుంది. ఒక గుంజు, ఒక దులుపు, నిలువుగా ఒక మడత, దాని మీద ఇంకో మడత, నాలుగడుగులు ముందుకు నడిచి కొసలు అందించుకోవడం. ఆసుపత్రి లాండ్రీలో పందొమ్మిదేళ్ళుగా ఇదే పని. మడతక్క పేర్చిన దొంతి పక్కన బద్ద పెట్టి చూసినా వంకర దొరకదు. అందుకే ఆ పేరు. అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా లేదు, దాని కోసం ఆమె బెంగపడ్డదీ లేదు.

ఇవాళ మాత్రం కొసలు కలవడం లేదు. తెల్లవారి ఐదింటికి పనిలోకి దిగిన దగ్గర్నుంచి ఇది నాలుగో దుప్పటి, మళ్ళీ విప్పి మడవాల్సి వచ్చింది.

జోడీకి అరవై దగ్గర పడ్డాయి. మనిషి బొద్దు, నోటికి మూత లేదు. ఎదుటి మనిషి మనసులో ఏముందో దుప్పటి రెండో కొస పట్టుకుంటే తెలిసిపోతుందని ఆవిడ గొప్ప.

"ఏమే, నన్ను రోలర్లోకి లాగేసేలా ఉన్నావు. కోపం నా మీదా, దుప్పటి మీదా?"

"ఎవరి మీదా లేదు."

"దుప్పటి అలా చెప్పట్లేదే."

మడతక్క ఇంకో రెండు దుప్పట్లు మడిచింది. "మా చెల్లెలొస్తోంది మధ్యాహ్నం," అంది తర్వాత, నేల వైపు చూస్తూ.

జోడీ చేతిలో కొసలు జారి దుప్పటి నేల మీద పడింది. ఇక అది మళ్ళీ ఉతకాల్సిందే. "నీకు చెల్లెలుందా? పందొమ్మిదేళ్ళు నీ మొహమే చూస్తూ నిలబడ్డానే, ఒక్కసారన్నా చెప్పావా?"

"అడగలేదుగా మీరు."

ఇది పచ్చి అబద్ధం. జోడీ అడగని ప్రశ్నంటూ ఈ లోకంలో లేదు. చెప్పాలనిపించలేదు, అంతే. చెప్పాలంటే అసలు ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో కూడా మడతక్కకి తెలియదు.

తల్లి పోయేనాటికి మడతక్కకి తొమ్మిదేళ్ళు, చెల్లెలికి ఐదు. తండ్రి ఎవరో పిల్లల సంక్షేమ ఆఫీసు కాగితాలకే తెలియదు. దిక్కులేని పిల్లల్ని కొన్నాళ్ళు పెట్టుకుంటామని ఒప్పుకున్న కుటుంబాలకి అప్పగించడం ఆ ఆఫీసు పని. అలా రెండేళ్ళలో మూడు ఇళ్ళు మారారు. ఇద్దరినీ కలిపే పంపారు, అదొక్కటే అదృష్టం. మూడో ఇల్లు బాగుండేది. పిల్లలకో గది, దానికో కిటికీ, ఆ ఇంటివాళ్ళ సొంత కూతురికి ఒక సైకిలు. కాకపోతే ఆ ఇంటావిడకి శుభ్రం పిచ్చి, చెల్లెలికేమో పక్క తడిపే జబ్బు.

పదకొండేళ్ళ అక్క దానికో ఉపాయం కనిపెట్టింది. తెల్లవారుజామున లేచి, చెల్లెలి కింద నుంచి దుప్పటి లాగి, తడిసిన మేర మాత్రమే సింకులో జాడించేది. తన పొడి దుప్పటి చెల్లెలి కింద పరిచి, ఆ తడిది నీళ్ళు పిండి తెచ్చి తన పక్క మీద పరుచుకుని దాని మీద పడుకునేది. ఒంటి వేడికి తెల్లారేసరికి ఆరిపోయేది. ఏడు నెలలు ఎవరికీ తెలియలేదు. ఒకరోజు ఆ ఇంటావిడ మామూలు కంటే ముందు లేచి గదిలోకి వచ్చింది. చెల్లెలు పొడి పక్క మీద హాయిగా నిద్రపోతోంది, తడి దుప్పటి మీద ఉన్నది అక్క. "నువ్వా?" అని ఆవిడ అడిగితే, "నేనే" అంది అక్క. ఇంత పెద్ద పిల్ల పక్క తడిపితే తనవల్ల కాదని ఆవిడ ఆఫీసుకి చెప్పేసింది. నాలుగో రోజు అక్కని వేరే ఇంటికి మార్చారు. అప్పుడు విడిపోయిన వాళ్ళు విడిపోయినట్టే ఉన్నారు. ముప్ఫై నాలుగేళ్ళు అయింది.

మధ్యలో ఒకే ఒక్కసారి, పన్నెండేళ్ళ కిందట, చెల్లెలు ఎలాగో నంబరు సంపాదించి లాండ్రీకి ఫోన్ చేసింది. "నాకేమన్నా చెప్పాలా నువ్వు?" అని అడిగింది మడతక్క. "నువ్వే చెప్పాలి," అంది అవతలి గొంతు. తర్వాత ఎవరు ముందు పెట్టేశారో తెలియదు. ఇద్దరివీ మొండి ఘటాలు.

పది రోజుల కిందట ఉత్తరం వచ్చింది. ఫలానా రోజు మధ్యాహ్నం వస్తాను, ఐదింటి బస్సుకి వెళ్ళిపోతాను, వద్దనుకుంటే రాయి అని మూడే వాక్యాలు. మడతక్క వద్దని రాయలేదు, రమ్మనీ రాయలేదు.

ఆమెకి కావలసింది ఒక్కటే. తడిపింది నేను అని చెల్లెలు తన నోటితో అనాలి. క్షమాపణ అక్కర్లేదు, కన్నీళ్ళు అసలే అక్కర్లేదు. నేను అన్న ఆ ముక్క అంటే చాలు. అనకుండా కబుర్లు చెప్పి, టీ తాగి ఐదింటి బస్సెక్కితే మాత్రం ఇక ఈ జన్మకి చెల్లెలు లేదు. మడతక్క అలా ఒట్టు పెట్టుకుంది.

ఒంటిగంటకి షిఫ్టు అయిపోయింది. గేటు దాటుతుంటే జోడీ వెనక నుంచి, "దుప్పటి లాగినట్టు లాగకే, మనిషి చిరిగిపోతుంది," అని అరిచింది. మడతక్క వినిపించనట్టే నడిచింది. మందుల దుకాణం, సైకిళ్ళు బాగుచేసే చోటు దాటి, మూడో అంతస్తులో తన ఒంటి గదికి చేరింది. ఒక మంచం, ఒక బల్ల, ఒక కుర్చీ. ఇన్నేళ్ళలో రెండో కుర్చీ అవసరం పడలేదు. నిన్న సాయంత్రం కిందింటి దర్జీని అడిగి ఒకటి తెచ్చుకుంది. దాని కాలు ఒకటి పొట్టి. అట్టముక్క మడిచి కింద పెట్టి, తానే కూర్చుని రెండుసార్లు ఊగి చూసుకుంది.

తలుపు చప్పుడైంది. రెండే దెబ్బలు, మెల్లగా, విసుక్కుంటారేమో అన్నట్టు.

మడతక్క మనసులో ఒక చెల్లెలు ఉంది. మంచి ఇంట్లో, సైకిలున్న ఇంట్లో పెరిగి, ఒళ్ళు చేసి, నదరుగా తయారైన చెల్లెలు. గుమ్మంలో నిలబడ్డ మనిషి అది కాదు. సన్నగా, ఎండు పుల్లలా ఉంది. కళ్ళ కింద నల్లటి చారలు. నలభై ఒకటికే తల సగం నెరిసింది. మోచేతుల దాకా అడ్డంగా కాలిన మచ్చలు, కొన్ని పాతవి, కొన్ని ఇంకా ఎర్రగానే ఉన్నాయి. చేతిలో కాగితంలో చుట్టిన పొడుగాటి రొట్టె ఉంది.

"లోపలికి రావచ్చా?"

"రావద్దంటే ఇంత దూరం వచ్చినదానివి వెళ్ళిపోతావా?"

చెల్లెలు చెప్పులు విడిచి, మడమలు గోడ వైపు, మునివేళ్ళు గుమ్మం వైపు ఉండేలా తిప్పి పెట్టింది. కూర్చోవచ్చా అని అడిగి కూర్చుంది. సంచి ఒళ్ళోనే పెట్టుకుంది. నీళ్ళు తాగవచ్చా అని అడిగింది. చూస్తున్న మడతక్కకి వింత అనిపించలేదు. ఎవరింటికైనా వెళ్ళాల్సి వస్తే తను చేసేవీ ఇవే.

టీ తాగారు. తాగడం అయిందో లేదో కప్పు కడగడానికి ఇద్దరూ ఒకేసారి లేచారు. సింకు దగ్గర భుజాలు తగిలాయి.

"ఉండనీ, నేను కడుగుతా."

"వద్దు, నాది నేనే కడుక్కుంటా."

మళ్ళీ వచ్చి కూర్చున్నారు. రొట్టెల బట్టీలో పని అని చెల్లెలు చెప్పింది. ఎన్నేళ్ళ నుంచి అంటే ఇరవై రెండు అంది. రాత్రి షిఫ్టే. పెళ్ళి ఒకటి అయింది, రాత్రుళ్ళు ఇంట్లో ఉండని పెళ్ళాం ఆయనకి నచ్చలేదు. మూడున్నర అయింది. మడతక్క ముళ్ళ మీద కూర్చున్నట్టు కూర్చుంది. దాని నోట ఆ మాట వచ్చే జాడ లేదు. కబుర్లు, టీ రెండూ అయిపోయాయి, ఇక మిగిలింది బస్సే.

అప్పుడు చెల్లెలు ఒళ్ళో సంచి తెరిచి కొన్ని కాగితాలు తీసింది. ఆఫీసు ఫైలుకి నకలు, అర్జీ పెట్టుకుంటే ఇప్పుడు ఇస్తున్నారట. కళ్ళజోడు పెట్టుకుంది. దాని ఒక కాడ విరిగితే నల్ల దారంతో కట్టి ఉంది. గీత గీసి ఉంచుకున్న చోట వేలు పెట్టి, బడిలో పిల్ల పాఠం చదివినట్టు చదివింది.

"'పెద్ద బాలిక పదకొండేళ్ళు వచ్చినా పక్క తడుపుతున్నందున గృహిణి కోరిక మేరకు వేరొక ఇంటికి మార్చడమైనది. చిన్న బాలికకు ఆ అలవాటు లేదు.'" తలెత్తింది. "ఇది అబద్ధమక్కా. తడిపింది నేను."

ముప్ఫై నాలుగేళ్ళు ఎదురుచూసిన ముక్క అది. విన్నాక గుండె తేలికవుతుందని మడతక్క అనుకుంది. ఏమీ కాలేదు. చెల్లెలు ఇంకా తన వైపే చూస్తోంది, ఇప్పుడు నీ వంతు అన్నట్టు.

"నేనిది చెప్పాను. మరి నువ్వెందుకు రాలేదు?"

"ఎక్కడికి?"

"నన్ను తీసుకెళ్ళడానికి. నువ్వే కదా అన్నావు, నన్ను వదిలెయ్యవే, పక్క తడపకుండా ఉండు, ఒక్కసారి కూడా తడపకపోతే నేనొచ్చి నిన్ను తీసుకెళ్తా అని." చెల్లెలి గొంతు ఏడేళ్ళ పిల్ల గొంతైపోయింది. "నేను తడపలేదక్కా. ఒక్కసారి కూడా తడపలేదు."

మడతక్కకి అప్పుడు గుర్తొచ్చింది. గుమ్మంలో ఆఫీసావిడ ఒక చెయ్యి పట్టుకు లాగుతోంది, చిన్నది అక్క గౌను కుచ్చిళ్ళు రెండు పిడికిళ్ళతో పట్టుకుని వదలదు. దాన్ని వదిలించుకోవడానికి ఏదో ఒకటి అనాలి. అంది. కారు వీధి మలుపు తిరిగేలోపు మరిచిపోయింది.

చెల్లెలు చెప్పుకుంటూ పోయింది. మధ్యాహ్నం తర్వాత నీళ్ళు మానేసిందట. రాత్రి పక్క మీద పడుకుంటే నిద్ర వస్తుందని గోడకి ఆనుకుని నేల మీద కూర్చునేదట. కునుకు వస్తే తొడ గిల్లుకునేదట. పగలు బడిలో నిద్రపోయి తన్నులు తినేది. రెండేళ్ళు అలా చేసేసరికి ఇక రాత్రి నిద్రన్నదే ఎగిరిపోయింది. "అందుకే బట్టీలో చేరా. ఎలాగూ మెలకువగా ఉంటా కదా అని."

మడతక్క ఆ గీత గీసిన వాక్యం వైపు చూసింది. "నేనేమో నువ్వు తడుపుతావని ఎదురుచూశానే."

"ఎందుకు?"

"నేను లేకపోతే తెల్లారేసరికి దొరికిపోతావు కదా. దొరికితే నిన్నూ గెంటేస్తారు. నా దగ్గరికే పంపుతారు అనుకున్నా. నన్ను పంపిన ఇంట్లో నా పక్కన మంచం ఖాళీగా ఉండేది. రోజూ బడి నుంచి వచ్చి ఆ మంచమే చూసేదాన్ని. నెలలు గడిచినా నువ్వు రాకపోయేసరికి, నేను పోయిన మర్నాటి నుంచే దీనికి తడపడం మానిపోయింది, నేను లేకపోతేనే దీనికి హాయి అనుకున్నా." ఆగింది. "పద్దెనిమిదేళ్ళు వచ్చాక ఒకసారి నువ్వున్న ఇంటికొచ్చా. గేటు దాకా. నువ్వు ఆ పిల్ల సైకిలు వెనక కూర్చుని పగలబడి నవ్వుతున్నావు. తిరిగి వెళ్ళిపోయా."

చెల్లెలు కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకుంది. "నవ్వకపోతే పంపించేస్తారు కదక్కా," అంది.

ఈ సంగతి ఎవరికి తెలియకపోయినా మడతక్కకి తెలిసి ఉండాలి. ఏడు ఇళ్ళల్లో అలా నవ్వింది తను. దవడలు నొప్పి పుట్టేదాకా నవ్వింది. ఆ నవ్వే చెల్లెలి మొహం మీద కనబడితే నిజం నవ్వనుకుంది. ఇన్నేళ్ళూ దాన్ని పట్టుకునే పగ పెంచుకుంది. ఎంత తెలివితక్కువ దాన్ని అనుకుంది.

"తప్పు నాదే బుల్లీ. నిన్ను ఊరుకోబెట్టడానికి అన్నా. నువ్వు నమ్ముతావని కూడా అనుకోలేదు."

"నీ మాట కాక ఇంకెవరి మాట నమ్మేదాన్ని అప్పుడు?"

మడతక్క ఏడ్చింది. లాండ్రీలో పందొమ్మిదేళ్ళలో ఆమె ఏడవగా చూసినవాళ్ళు లేరు. చెల్లెలు కుర్చీ దగ్గరికి జరుపుకుని, ఏం చేయాలో తెలియక, అక్క చేతి వేళ్ళు ఒక్కొక్కటే నొక్కుతూ కూర్చుంది. వేడి దుప్పట్లకి ఆ వేళ్ళు నున్నగా అరిగిపోయి ఉన్నాయి.

కొంతసేపటికి చెల్లెలికి ఆవలింతలు మొదలయ్యాయి. రాత్రి షిఫ్టు దిగి నేరుగా బస్సెక్కిందట.

"కాసేపు పడుకో. నేను మెలకువగా ఉంటాగా."

చెల్లెలు మంచం వైపు అనుమానంగా చూసింది. "తడిపితే?"

"ఉతకడమేగా నా పని."

ఇద్దరూ నవ్వారు. చెల్లెలు మంచం అంచున ఒదిగి పడుకుంది. పక్కకి తిరగడమే ఆలస్యం, నోరు తెరుచుకుని మొద్దునిద్ర. మడతక్క కుంటి కుర్చీ చప్పుడు చేస్తుందేమోనని కదలకుండా కూర్చుంది. నిద్రలో చెల్లెలు కొంచెం కొంచెంగా మంచం మధ్యకి జరిగి, కాళ్ళు చాపుకుంది. నాలుగూ నలభై అయింది. లేపకపోతే బస్సు పోతుంది. లేపకూడదని ప్రాణం కొట్టుకుంది. కానీ అవతల బట్టీలో పని ఉంది, ఒక పూట పోతే ఏమంటారో మడతక్కకి తెలుసు. ఐదుకి పావుగంట ఉందనగా భుజం మీద చెయ్యి వేసింది.

చెల్లెలు ఉలిక్కిపడి లేచింది. ముందు కింద చెయ్యి పెట్టి పక్క తడిమి చూసుకుంది. పొడిగానే ఉంది. తర్వాత గబగబా కాగితాలు సంచిలో కుక్కుకుని, చెప్పులు వేసుకుని, మెట్లు దిగింది.

బస్టాపు దగ్గర పెద్దగా ఏమీ మాట్లాడుకోలేదు. నేనొస్తా అని మడతక్క అనలేదు, ఆ మాట విలువ ఎంతో ఇద్దరికీ తెలుసు. బట్టీ ఏ వీధిలో, దిగాల్సిన స్టాపు ఏది, వారంలో ఏ రోజు సెలవు అని అడిగి అరచేతి మీద రాసుకుంది. బస్సు వచ్చింది. చెల్లెలు కిటికీ పక్కన కూర్చుని చెయ్యి ఊపలేదు. తల అద్దానికి ఆనించి, బస్సు కదిలేలోపే మళ్ళీ కళ్ళు మూసుకుంది.

మడతక్క మెట్లెక్కి వచ్చింది. పక్క సర్దుదామని తలగడ ఎత్తింది. వాళ్ళిద్దరికీ చిన్నప్పుడు అబ్బిన బుద్ధి ఒకటుంది. ఏ ఇంటి నుంచి వెళ్ళినా తలుపు వెనకా, మంచం కిందా, తలగడ అడుగునా రెండేసిసార్లు చూసుకుని వెళ్ళాలి, మళ్ళీ రానివ్వరు కాబట్టి. వదిలేసిన వస్తువు పోయినట్టే. ఇవాళ చెల్లెలు ఒక్కసారి కూడా చూసుకోకుండా వెళ్ళింది. బస్సు సిగ్నలు దగ్గర ఆగే ఉంటుంది. పరిగెత్తితే ఇంకా దొరుకుతుంది. మడతక్క పరిగెత్తలేదు, మంచం మీద కూర్చుంది. తలగడ కింద చెల్లెలి కళ్ళజోడు ఉంది, కాడకి కట్టిన నల్ల దారంలో ఒక నెరిసిన వెంట్రుక చిక్కుకుని.