ఉప్పు వేయని పులుసు

చదివేవాళ్లు ముందుగా నన్ను మన్నించాలి. నా రాతలో ఒత్తులూ దీర్ఘాలూ తప్పిపోయి ఉంటాయి. ఆయన పోయాక మనవరాలి పలక దగ్గర కూర్చుని అక్షరాలు దిద్దుకున్నదాన్ని. ఒక పుట రాయాలంటే నాకు ఒక పూట పడుతుంది. అయినా నోటి మాటగా నా దాకా వచ్చిన ఈ సంగతి గాలికి పోవడం ఇష్టం లేక రాస్తున్నాను.

కాలాపేట యూనివర్సిటీలో ప్రీతిక చదువు ముగియవచ్చింది. ఆ పిల్లది మారిషస్. ఏనాడో ఓడెక్కి ఆ దీవికి పోయి చెరకు తోటల్లో పడ్డ తెలుగువాళ్ల సంతతి. అక్కడి బడిలో తెలుగు నేర్చుకుంది కాబట్టి ఆమె మాట అచ్చం పాఠ్యపుస్తకంలా ఉండేది. "నాకు ఆకలి అగుచున్నది" అందంటే క్యాంటీన్‌లో బల్లలు కొట్టి నవ్వేవాళ్లు. అలా అందరూ నవ్విన ఒక రోజు నవ్వకుండా లేచి వెళ్లి ఆమెకు దోసె తెచ్చిపెట్టినవాడు గోకుల్. పుదుచ్చేరిలో పెద్ద అంగడి వెనక వీధిలో గాజుల కొట్టు నడిపే నటరాజన్ కొడుకు. దోసెతో మొదలైంది పెళ్లి మాట దాకా వచ్చింది.

గోకుల్ ధైర్యం చేసి తండ్రికి చెప్పాడు. నటరాజన్ కోపిష్టి కాదు. నాకేమీ అడ్డు లేదు, అవ్వ ఆ పిల్లను చూసి సరేనంటే సరే, వద్దంటే మాత్రం మళ్లీ నన్ను అడగొద్దు అన్నాడు. అవ్వ అంటే నటరాజన్ తల్లి వేదవల్లి. ఆ ఇంట్లో ఉప్పూ పప్పూ దగ్గర నుంచి పెళ్లిళ్ల దాకా ఆమె తలూపితేనే ఏదైనా. తెలుగు పిల్ల కాకపోతే గడప తొక్కనివ్వదని పేరు. దీవి పిల్లను తెలుగు పిల్లగా ఒప్పుకుంటుందో లేదోనని గోకుల్ ఇవాళ రేపు అని నెలలు జరిపాడు. చదువు అయిపోతే వీసా అయిపోతుంది. వీసా అయిపోతే ప్రీతిక విమానం ఎక్కాల్సిందే.

ఒక శనివారం పొద్దున గోకుల్ యూనివర్సిటీ గేటు ముందు టీ కొట్టు దగ్గర బస్సు కోసం నిలబడి ఉన్నాడు. ఆ రోజు మహాలయ అమావాస్య, ఇంట్లో పెద్దలకు పెట్టుకునే రోజు. టీ తాగడానికి వచ్చిన రోహన్, జనని, ప్రీతిక అక్కడే తగిలారు. ముగ్గురూ గోకుల్ క్లాసే. రోహన్‌ది హైదరాబాదు, జనని నెల్లూరు పిల్ల, హాస్టల్లో ప్రీతిక గది పంచుకునేది.

"పెద్దలకు పెట్టే రోజంటే వడలుంటాయి కదరా," అన్నాడు రోహన్. "ఒక్కడివే పోయి తింటావా, పాపిష్టోడా?"

జనని చేతిలో గ్లాసు కింద పెట్టేసింది. ఇవాళ శనివారం, రేపు ఆదివారం, మనం ముగ్గురం స్నేహితులం, అమావాస్య అన్నానికి వచ్చాం, ఇంతకంటే మంచి సాకు జన్మలో దొరకదు అంది. "ఎప్పుడు చూపిస్తావు ఈ పిల్లని మీ అవ్వకి? ఏర్‌పోర్టులోనా?"

బస్సు వచ్చింది. గోకుల్ ఇంకా నసుగుతూ ఉండగానే ముగ్గురూ ఎక్కేశారు. మార్చుకోవడానికి బట్టలు లేవు, చేతిలో సంచి లేదు. ప్రీతిక జుట్టు ఇంకా తడి ఆరలేదు. బస్సు ఊరి వైపు పోతుంటే ఎడమ పక్క కొబ్బరి చెట్ల సందుల్లో సముద్రం కనిపించి మాయమవుతోంది. ఆ సముద్రం ఆ చివర మా ఇల్లు అని ఆమె ఎన్నోసార్లు అనుకున్నది. ఆ రోజు మాత్రం ఈ చివర కూడా నాకు ఒక ఇల్లు దొరుకుతుందేమో అనుకుంది.

ముత్యాలపేట దాటేదాకా జనని ఆమెకు పాఠం చెబుతూనే ఉంది. కాళ్లకు దండం పెట్టు. అడిగిందానికి సిగ్గుపడకుండా చెప్పు. మీ ఇంట్లో ఏ పండగ ఎలా చేస్తారో, ఏం వండుతారో అన్నీ చెప్పు. ఎంత మనవాళ్లలా కనిపిస్తే అంత మంచిది. ప్రీతిక తల ఊపింది. కాలం కలిసిరాకపోతే తాడే పామై కరుస్తుందంటారు. ఆ మాట అప్పుడు ఎవరికి గుర్తొస్తుంది?

వాళ్లు వెళ్లేసరికి మిద్దె మీద కాకులకు పెట్టడం అయిపోయింది. వేదవల్లి అవ్వ నడవలో పీట మీద కూర్చుని ఆకులు తుడుస్తోంది. ప్రీతిక వంగి కాళ్లకు మొక్కింది. అవ్వ ఆమె గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పి చూసింది.

"యాడిది పాపా మీ వూరు?"

"మారిషస్ దేశము, అవ్వా."

"మోరీసు తీవా? అంత దూరం తెలుగోళ్లుండారా? మీ ఇంటిపేరు ఏంది?"

"వెంకటసామి."

"అది మనిషి పేరు కదా. ఇంటిపేరు ఎట్టయితాది?"

ప్రీతిక తడబడింది. ఓడ దిగినవాడు ఏ పేరు చెబితే అదే దొరలు ఇంటిపేరుగా రాసుకున్నారని, అసలు ఇంటిపేరు వాళ్లెవరికీ తెలియదని రోహన్ అందుకుని చెప్పాడు. పావం, అంది అవ్వ. చిరునామా లేని మనుషుల్ని చూసి అన్నట్టు అంది. జనని ముఖం చిన్నబోయింది.

లోపలి గదిలో విస్తళ్లు వేశారు. పోయినవాళ్ల పటాల కింద గోడ వారగా ఒక ఆకు విడిగా ఉంది. దాంట్లోనూ అన్నీ వడ్డించి ఉన్నాయి. రోహన్ తిన్నగా వెళ్లి దాని ముందు కూర్చోబోతే, ఆడ కాదు నాయనా, అని నటరాజన్ భుజం పట్టి ఈవలకు తెచ్చాడు. ఇదీ ఒకందుకు మంచిదే, వడల బుట్ట దగ్గరయింది అని వాడు నవ్వించాడు.

గుమ్మడికాయ పులుసు వేశారు. రోహన్ ఒక ముద్ద తిని దిక్కులు చూశాడు. వాడి అవస్థ చూసి అవ్వ, మా ఇంట్లో ఈ రోజు పులుసులో ఉప్పు వెయ్యం, ఆకు చివర పెట్టిన ఉప్పు ఎవరికి కావాల్సినంత వాళ్లు కలుపుకోవాల, అంది. అందరూ కలుపుకున్నారు. ప్రీతిక కలుపుకోలేదు. చిన్నప్పటి నుంచీ ఏడాదికొకసారి తిన్న రుచి నాలుకకు తగిలేసరికి ఆమెకు కళ్లు చెమ్మగిల్లాయి. చప్పటి అన్నాన్ని గబగబా తింటోంది.

"నీకు ఉప్పు వద్దా పాపా?"

"ఈ రోజు మేమూ వేసుకోము అవ్వా. మా నాన్నమ్మ కూడా ఇలాగే వండుతుంది. గుమ్మడికాయతోనే."

అవ్వ చేతిలో గరిటె ఆగింది. జనని మోచేత్తో ప్రీతికను పొడిచింది, చెప్పు చెప్పు అన్నట్టు.

ప్రీతిక చెప్పింది. మొట్టమొదట ఓడెక్కిన తాత ఈ ఊళ్లోనే అన్న ఇంట్లో ఉండేవాడట. మలారం, అంటే తాళ్లకు గుచ్చిన గాజుల మోపు, భుజాన వేసుకుని పల్లెలు తిరిగి అమ్మేవాడట. ఇలాగే ఒక అమావాస్య నాడు ఆలస్యంగా ఇంటికి చేరితే, పనికి అందకపోయినా తిండికి మాత్రం తప్పకుండా వస్తావని వదిన ఈసడించిందట. ఆయన అన్నంలోనే చెయ్యి కడిగేసి, మీ ఉప్పు నాకొద్దు అన్నాడట. అందుకే ఆయన సంతతిలో ఈ రోజు ఎవరూ ఉప్పు ముట్టరు. చెబుతున్నకొద్దీ అవ్వ ముఖం విచ్చుకోవడం ప్రీతికకు కనిపిస్తోంది. పుస్తకం భాష ఎప్పుడు జారిపోయిందో తెలియకుండా ఆమె ఉత్సాహంగా చెబుతోంది. గెలుస్తున్నాను అనుకుంది.

"భుజాన ఉన్న మలారం గడపలో దించేసి..." అంది.

"...రేవు దిక్కు పోయినాడు," అంది అవ్వ. "వెనకాల వాళ్లమ్మ పిలస్తానే ఉన్నా తిరిగి చూడలే."

నటరాజన్ నిలబడినవాడు నిలబడినట్టే గోడకు ఆనుకున్నాడు.

అవ్వ గరిటె వదిలేసి వచ్చి ప్రీతికను పట్టుకుంది. ఆ తల్లి, చిన్నకొడుకు తిరిగొచ్చేదాకా పెద్దల పులుసులో ఉప్పు పడకూడదని ఒట్టు పెట్టిందని, గోడ వార ఆకు ఆయనదేనని ఏడుస్తూ నవ్వుతూ చెప్పింది. ఆయన పేరు మరుగున పడిపోయినా తరాలు తరాలు ఆ ఆకు ఎవరూ తినకుండానే ఎత్తేశారంది. ప్రీతికను ఎంగిలి చేత్తోనే లేవదీసి తీసుకెళ్లి ఆ ఆకు ముందు కూర్చోబెట్టింది. వంటింట్లోంచి ఉప్పు జాడీ తెచ్చి, పిడికెడు ఉప్పు పులుసు గిన్నెలో వేసి కలిపింది.

ఒప్పుకుంది, అనుకుంది ప్రీతిక. ఇంతకంటే ఏ కోడల్ని ఎవరు ఇలా పిలుచుకుంటారు? సంతోషం పట్టలేక గోకుల్ వైపు చూసింది. వాడి చెయ్యి ఆకులోనే ఉండిపోయింది.

"రేయ్ గోకుల్, ఏంది అట్ట చూస్తా ఉండావు? లేచి రా," అంది అవ్వ. "నీ చెల్లిరా ఇది."

మారిషస్‌లో ఈ వరసలు తెలియక కాదు. అన్నదమ్ముల వంశాల్లో పుట్టినవాళ్లు అన్నాచెల్లెళ్లు, ఎన్ని తరాలు గడిచినా, ఎన్ని సముద్రాలు దాటినా అంతే. ఇంటిపేరు పోయిన ఆ దీవిలో కూడా, పెళ్లి మాట వచ్చినప్పుడు ఆమె నాన్నమ్మ మొదట అడిగేది అదే. ప్రీతిక ఆకులోకి తల వంచుకుంది. ఉప్పు వేసిన పులుసు నోట్లో పెట్టింది అవ్వ. మింగింది.

చేతులు కడుక్కునే కుళాయి దగ్గర నటరాజన్ కొడుకుతో మెల్లగా మాట్లాడుతున్నాడు. ఎంగిలి చెయ్యి పట్టుకుని వెనక నిలబడ్డ ప్రీతికకు ప్రతి మాటా వినిపించింది.

"ఆ పెళ్లి మాట అవ్వ చెవిన పడకూడదు. ఆమె ఇట్ట నవ్వి ఎన్నేళ్లయిందో నీకు తెలవదు. ఇంక ఎత్తబాక."

గోకుల్ కడిగిన చేతినే మళ్లీ కడుక్కుంటున్నాడు. కుళాయి అలా పోతూనే ఉంది.

సాయంత్రం దాకా వీధి వీధంతా వచ్చి పోయింది. పక్కింటి కనగం వచ్చి, ముక్కు అచ్చం నటరాజన్‌దేనని తేల్చింది. వచ్చిన ప్రతి మనిషికీ అవ్వ కథ మొదటి నుంచి చెప్పింది, ప్రీతిక చేత చెప్పించింది. రోహన్ జోకులు మానేశాడు. జనని ఒక మూల కూర్చుని, నేనే చెప్పమన్నాను అని గొణుక్కుంటూ గోళ్లు కొరుక్కుంది. రాత్రికి ఉండిపొమ్మని అవ్వ పట్టుపట్టింది. ఉన్నారు.

పొద్దు వాలుతుండగా బట్టలు తెచ్చే నెపంతో ప్రీతిక మిద్దె ఎక్కింది. గోకుల్ పిట్టగోడ దగ్గర ఉన్నాడు. కాకులకు పెట్టిన మెతుకులు ఇంకా అక్కడే ఎండి ఉన్నాయి.

ఆరు తరాల కింద ఎవరో అలిగి వెళ్లిపోతే మనకేమిటి అని అడిగింది. చట్టం అడ్డు రాదు, మా దీవికి వచ్చేయి, అక్కడ మనల్ని ఎవరు అడుగుతారు అంది.

"అవ్వ నిన్ను ఆ ఆకు ముందర కూచోబెట్టేటప్పుడు నేను ఆమె మొహం చూసినా ప్రీతికా. నా వల్ల కాదు." ఎండిన మెతుకు ఒకటి గోటితో గిల్లాడు. "ఆ ఉప్పు సంగతి నువ్వు చెప్పకుండా ఉంటే బాగుండు."

"మీవాళ్లలా కనబడాలనే కదా చెప్పాను."

కొట్లాడి ఉంటే బాగుండేది. వాడు ఏడ్చాడు. ఏడ్చేవాడి చెయ్యి పట్టుకుందామని చెయ్యి చాచి, అంతలో కింద నుంచి "గోకుల్, చెల్లిని కిందకు తోడుకుని రారా" అని అవ్వ పిలిస్తే, చాచిన చేతిని వెనక్కి తీసుకుంది. ఇక ఆ చెయ్యి ఎప్పుడు ముట్టుకున్నా ఆ పిలుపు వినిపిస్తుందని ఆమెకు అప్పుడే అర్థమయింది.

ఆదివారం పొద్దున ఇంటి ఆడబిడ్డను ఉత్త చేతుల్తో పంపకూడదని అవ్వ కొట్టు తెరిపించింది. బయటివాళ్లకు గాజులు అరుగు మీద బల్ల దగ్గర వేస్తారు. ఇంటి ఆడపిల్లలకు మాత్రం గడప లోపల కూర్చోబెట్టి అవ్వే వేస్తుంది. ఎర్ర మట్టిగాజులు తీసి, బొటనవేలు మడిచి, అరచెయ్యి నొక్కి, ఒక్కటీ పగలకుండా రెండు చేతులకూ ఎక్కించింది. అంత బిగువుగా వెయ్యడమే వాళ్ల పనితనం. ఎక్కాయంటే మళ్లీ ఊడిరావు.

ఆ తర్వాత అవ్వ గోకుల్ చేతికి పళ్లెం ఇచ్చింది. పసుపు, కుంకుమ, తమలపాకులు, నటరాజన్ కొనుక్కొచ్చిన ఆకుపచ్చ చీర. ఆడబిడ్డకు చీర అన్న చేతుల మీదుగానే పోవాల అంది.

ఈ ఇంటి చీర ఒకటి తన ఒడిలో పడాలని ప్రీతిక ఎన్ని రాత్రులు అనుకుందో వాడికి తెలుసు. వాడు పళ్లెం చాచాడు. ఆమె ఒంగి అందుకుంది. ఇద్దరూ తలెత్తలేదు. అవ్వ కళ్లు తుడుచుకుంటూ, ఏటా అమావాస్యకు రావాల, ఆ ఆకు ఇంక ఖాళీగా ఉండకూడదు, అంది. సరే అవ్వా, అంది ప్రీతిక.

కాలాపేట బస్సులో ముగ్గురే ఉన్నారు. ఇప్పుడు సముద్రం కుడి పక్కన ఉంది. ఆమె అటు చూడలేదు.

హాస్టల్లో స్నానాల గదిలో సబ్బు రాసి గాజులు తీయబోయింది. చెయ్యి కందిపోయింది గానీ ఒక్కటీ రాలేదు. జనని తలుపు తట్టి లోపలికి వచ్చి, నేలకేసి కొట్టు, పగిలిపోతాయి, పీడా పోతుంది అంది.

"పుట్టింటివాళ్లు వేసిన గాజులు మనమే పగలగొట్టకూడదట," అంది ప్రీతిక. "మా నాన్నమ్మ చెప్పింది."

ఆ మాట అన్నాక చేతులు ఒళ్లో పెట్టుకుని తడి నేల మీదే కూర్చుంది. కదిలినప్పుడల్లా గాజులు గలగలమంటున్నాయి. అందుకని కదలకుండా కూర్చుంది.

— ఆర్. అంబుజం, అరవై తొమ్మిదేళ్లు. ఇప్పుడు ఉండేది బాహూరులో, చిన్నకూతురి ఇంట్లో.