ఎకరమంటే ఒక రోజు

ముప్పై రెండేళ్ళు చేవెళ్ళ హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పాను. రిటైరయ్యాక కూడా నా నోరు ఊరుకోదు. ఎవరైనా ఒక ఇంగ్లీషు మాట వాడితే, అది వెనకటికి ఏ అర్థంలో ఉండేదో చెప్పేదాకా నాకు అన్నం సహించదు. మా ఆయన రాజేశ్వర్ కిరాణా కొట్లో కూర్చుని వచ్చేవాళ్ళను ముందే హెచ్చరిస్తుంటాడు, "లోపల మా అరుణాదేవి ఉన్నది, జర చూసుకొని మాట్లాడుండ్రి" అని.

ఈ నోటితోనే ఒక జత ఎడ్లను పందెంలో పెట్టాను.

మా చెల్లెలి కొడుకు రిత్విక్‌ది మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అప్పట్లో అలాంటి ఉద్యోగం దొరికిన ప్రతివాడూ మొయినాబాద్ దిక్కు భూమి కొనేవాడే. వీడూ చిన్న మంగళారంలో కుర్మయ్య దగ్గర ఎకరం మెట్ట చెలక కొని, సేద్యానికీ కాపలాకీ ఆయన్నే పెట్టుకున్నాడు. కుర్మయ్యకు మిగిలింది ఊళ్ళో ఒంటిగది ఇల్లు. ఆయన ఎడ్లు మాత్రం పాత చోటనే, చెలక మూలనున్న రేకుల కొట్టంలో ఉండేవి.

జూన్‌లో ఒక ఆదివారం రిత్విక్ నన్ను భూమి చూపించడానికి తీసుకెళ్ళాడు.

"పెద్దమ్మా, ఆ కొట్టం తీసేసి కారుకు షెడ్డు ఏస్త. ట్రాక్టరైతే ఒక్క గంటల దున్ని పోతది. ఎడ్లను శుక్రవారం అంగట్ల అమ్మెయ్యమన్న."

కుర్మయ్య తల వంచుకుని గడ్డి విదిలిస్తున్నాడు. నాకు ఒళ్ళు మండింది.

"ఎకరం కొన్న అంటున్నవ్, ఎకరం అంటే ఏందిరా?"

"నలభై గుంటలు."

"అది తర్వాత కట్టిన లెక్క. ఇంగ్లీషోళ్ళకు మొదట్ల ఆ మాటంటే పొలం. ఆ తర్వాత, ఒక జత ఎడ్లు ఒక్కరోజుల దున్నేటంత నేల. ఫర్లాంగు కూడా గంతే. ఎడ్లు ఆగి ఊపిరి తీసుకునేలోపు లాగే నాగటి సాలు పొడుగు అది. ఎకరం కావాలె గని, ఎడ్లు వద్దా నీకు?"

రిత్విక్ నవ్వాడు. "అయితే చూద్దాం పెద్దమ్మా. ఈ ఎడ్లు పొద్దుగూకే లోపల ఎకరం దున్నితే ఇక్కడ్నే ఉంటయి. లేకుంటే అంగడికే."

"దున్నుతయి!" అన్నాను. కుర్మయ్యను ఒక్క మాట అడగాలన్న జ్ఞానం కూడా లేకపోయింది నాకు.

ఆయన ఎడ్ల వీపు నిమిరి, నా వైపు చూశాడు. "ఇంగ్లీషు ఎడ్లను నేను చూడలే టీచరమ్మా. నా ఎడ్లు నాకు ఎరుకే. నువ్వు మాట ఇచ్చినవ్ గద, అరక కడ్త."

మళ్ళీ ఆదివారం తెల్లవారగానే అరక కట్టాడు. ఆ చెలక రోడ్డు నుంచి వాగు దాకా సన్నగా, సరిగ్గా ఫర్లాంగు పొడుగు ఉంటుంది. నూరు సాళ్ళు పడితే ఎకరం పూర్తి. రిత్విక్ టేపు పట్టుకుని నిలబడ్డాడు. నేను గొడుగు వేసుకుని సాళ్ళు లెక్కపెట్టాను.

ప్రతి సాలు చివరా కుర్మయ్య ఎడ్లను కాసేపు నిలబెట్టేవాడు. నలభై అయ్యేసరికి రిత్విక్‌కు ఓపిక పోయింది. బూట్లు విప్పి, "నేను పట్టి చూస్త" అని నాగలి అందుకున్నాడు. ఒక్క సాలు దున్నాడు. అది వంకరటింకరగా పడింది. జేబులో ఫోను మోగుతున్నా తీయకుండా గట్టు మీద కూలబడ్డాడు.

ఎనభయ్యో సాలు చివర ఎర్ర ఎద్దు నిలబడిపోయింది. నోట్లోంచి నురగ. కుర్మయ్య దాని డొక్కల మీద చెయ్యేసి చూసి, కాడి విప్పేశాడు.

నేను గొడుగు మూసి ముందుకొచ్చాను. "కుర్మన్నా, ఇంకా రెండు గంటల పొద్దున్నది! ఇరవై సాళ్ళే! రెండు దెబ్బలేస్తే..."

సగంలోనే నాలుక కరుచుకున్నాను. వాటిని కాపాడాలని పందెం కాసిన మనిషిని, వాటినే కొట్టమంటున్నాను. సిగ్గేసింది.

"కొట్టి దున్నిస్తె నేను గెలుస్త టీచరమ్మా. అవి గెలువయి."

అప్పుడు కూడా నా బుర్ర ఊరుకోలేదు. "రిత్విక్, వెనకట ఎడ్లు ఆగిన కాడ్నే ఎకరం ఆగుతుండె. ఆ లెక్కన ఇయ్యాల..."

"వద్దు" అన్నాడు కుర్మయ్య. "ఎనిమిది గుంటలు తక్కువనే ఉన్నది. ఒప్పుకున్న, మాట తప్పను. శుక్రవారం తోల్కపోత."

ఎడ్లను కొట్టం దిక్కు నడిపించాడు. నాకు మాత్రం కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

రిత్విక్ తన మట్టి కాళ్ళు చూసుకున్నాడు. తర్వాత లేచి, టేపు చుట్టి జేబులో పెట్టుకుని, కొట్టం పక్క తొట్టిలోంచి ఒక బకెట్ నీళ్ళు ముంచి ఎర్ర ఎద్దు ముందు పెట్టాడు.

"ఒక్క సాలుకే నాకు కాళ్ళు పడిపోయినయి తాతా. ఇవి ఎనభై కొట్టినయి. అంగడి వద్దు. కారు బయట్నే ఉంటది. మిగిలిన ఇరవై సాళ్ళు రేపు దున్ను."

"రేపు ఎట్ల కుదురుతది సారూ?" అన్నాడు కుర్మయ్య, తలుగులు సర్దుతూ. "రేపు ఎడ్లకు ఆరాం. ఎల్లుండి."