ఫర్నేసు గొంతు తగ్గిన రోజు

ఆ షెడ్డులో ఇనుము కాల్చే ఆయిల్ ఫర్నేసు వెలిగిందంటే పక్కవాడి మాట పక్కవాడికి వినపడదు. అందరూ చేతులతోనే మాట్లాడుకునేవారు, తప్పదనుకుంటే గొంతు చించుకునేవారు. ఫర్నేసు మేస్త్రి మరీను. ఇంట్లో మంచినీళ్లు అడిగినా వీధి చివరిదాకా వినపడేది. "నీ ఫర్నేసు ఇక్కడ లేదురా నాయనా!" అని వాళ్లక్క మొత్తుకునేది.

అంత గొంతున్న మనిషికి ఒక్క మాట మాత్రం నోట్లోనే ఉండిపోయింది. పైన క్రేన్ నడిపే ఆవిడంటే మేస్త్రికి ప్రాణం. ఎర్రగా కాలిన ఇనుప దిమ్మను ఆవిడ పూచికపుల్లలా తెచ్చి సరిగ్గా సుత్తి మిషను కింద దించుతుంటే పని మర్చిపోయి చూసేవాడు. చెప్పే ధైర్యం ఏదీ? అందుకని ఓ ఉపాయం కనిపెట్టాడు. రోజూ పొద్దున బర్నరు అంటించగానే హోరు లేస్తుంది కదా, అప్పుడు ఫర్నేసు నోటి దగ్గర వంగి, "క్రేనమ్మా, నన్ను పెళ్లి చేసుకుంటావా?" అని ఉన్న గొంతంతా పెట్టి అరిచేవాడు. ఒక్కరికీ వినపడేది కాదు. అతనికి మాత్రం గుండె బరువు దిగిపోయేది. అదెంత పిరికి పనో చెప్పక్కర్లేదు, అలవాటైపోయింది.

అలాంటి చోటికి చప్పుడు తగ్గించడానికి ఒక ఇంజనీరమ్మ వచ్చింది.

"మంట గొంతు నొక్కేస్తే ఇనుము ఎలా కాలుతుందమ్మా?" అని మేస్త్రి అడ్డం తిరిగాడు.

"వేడి తగ్గదు లెండి. సగం హోరు గాలి లాక్కునే ఫ్యానుది. దాని మూతికి సైలెన్సరు పెట్టి, చుట్టూ మందంగా పెట్టె కట్టిస్తాను. మిగతాది బర్నరు చేసే గోల. గోల చెయ్యకుండా మండే రకం వేస్తాను."

"చప్పుడు లేకపోతే మాకు నిద్రొస్తుంది!"

ఆవిడ నవ్వి ఫ్యాను కొలతలు తీసుకోసాగింది. మేస్త్రి బాధ ఆవిడకేం తెలుసు?

కొత్త బర్నరు అంటించే రోజు రానే వచ్చింది. ఇవాళ నోరు తెరవకూడదని మేస్త్రి ఇంటి దగ్గరే ఒట్టు పెట్టుకున్నాడు. తీరా మంట లేవగానే ఒట్టు తీసి గట్టున పెట్టాడు. నడుం దానంతటదే వంగింది, నోరు దానంతటదే తెరుచుకుంది. ఫర్నేసు మాత్రం బుద్ధిగా గుర్రుమంటోంది. మేస్త్రి మాట రేకుల కప్పుకు కొట్టుకుని షెడ్డంతా తిరిగింది.

పనివాళ్లంతా ఎక్కడివాళ్లక్కడ కొయ్యబారిపోయారు. పైన క్రేన్ ఆగింది. ఆవిడ దిమ్మను నేలకు దించి, నిచ్చెన దిగి వస్తోంది. మేస్త్రి ఫర్నేసు చాటుకు జరిగాడు. కోపమొచ్చి వేరే షెడ్డుకు వెళ్లిపోతే? రోజూ తలెత్తి చూసుకునే భాగ్యం కూడా పోతుంది.

"ఇన్నాళ్లూ ఫర్నేసును తిడుతున్నారనుకున్నాను," అంది ఆవిడ.

"కాదు... అది... నీతోనే."

"అలా అరిచి అడిగితే హడలిపోయి ఎవరైనా కాదంటారు మేస్త్రిగారూ. నెమ్మదిగా అడగండి."

నెమ్మదిగా మాట్లాడటం అతను మర్చిపోయిన విద్య. గొంతు సవరించుకుని, తడబడి, మళ్లీ సవరించుకుని ఎలాగో అడిగాడు. షెడ్డంతా చెవులు రిక్కించింది. ఆవిడ తల వంచుకుని ఏదో అంది.

"ఆఁ? ఏమన్నావు?"

ఇన్నేళ్ల హోరుకు సగం చచ్చిన ఆ చెవుల్లో ఒక్క ముక్క పడలేదు. ఆవిడ మళ్లీ చెప్పింది.

"ఏంటీ?"

దాంతో ఆవిడ సిగ్గు కాస్తా ఎగిరిపోయింది. నడుం మీద చెయ్యి వేసుకుని షెడ్డు దద్దరిల్లేలా అరిచింది.

"సరే అన్నాను! ముందు చెవుల డాక్టరు దగ్గరికి, ఆ తర్వాతే పెళ్లి!"