చివరి బొమ్మ

కథల పుస్తకం చేతికొస్తే ముందు చివరి పేజీ చూడటం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. అందరూ క్షేమంగా ఇల్లు చేరారని తెలిశాకే మొదటి పేజీకి వస్తాను. పెళ్లయిన వారానికి ఈ సంగతి మా ఆయన ప్రేమ్ కుమార్‌కి చెబితే ఒక్క క్షణం ఆలోచించి, "ఓహో! పెళ్లిచూపుల్లో నన్ను వదిలేసి మా తాతయ్యని అంత పరీక్షగా చూసింది ఇందుకా?" అన్నారు. నవ్వలేక చచ్చాను.

మా కాపురం తెనాలిలో. ఆయనకి బాపట్లలో బ్యాంకు ఉద్యోగం. నేను లైబ్రరీ సైన్స్ చదువుతున్నాను. చదువు పూర్తయ్యేలోగా ఒక నెల ఏదైనా బడి లైబ్రరీలో పనిచేసి, పిల్లలు ఏ పుస్తకాలు చదువుతున్నారో, ఎందుకు చదువుతున్నారో రాసివ్వాలి. నాకు రేపల్లెలో ఒక బడి దొరికింది. పొద్దున్నే ఇద్దరం కలిసి తెనాలి స్టేషనుకి వెళ్తాం. ఆయన బండి ఒక వైపు, నా బండి ఇంకో వైపు. ఎవరి బండి ముందు కదిలితే వాళ్ళు గెలిచినట్టు. ఓడినవాళ్ళు సాయంత్రం మిరపకాయ బజ్జీలు కొనాలి. రేపల్లె బండి ఎప్పుడూ ఆలస్యమే కాబట్టి రోజూ నేనే కొనేదాన్ని. ఓడిపోవడం ఇంత బాగుంటుందని పెళ్లికి ముందు నాకెవరూ చెప్పలేదు.

బడిలో లైబ్రరీ అంటే రెండు ఇనప బీరువాలు, ఒక పొడుగాటి బల్ల. దాని బాధ్యత తెలుగు మాస్టారు ప్రకాశం గారిది. మొదటి రోజే బీరువా తెరుస్తూ, "చూడమ్మా నీరజా, పిల్లల పుస్తకం అంటే చివర్లో ఇంట్లో దీపం వెలగాలి. ఏడుపు కథల్ని నేను ఈ బీరువాలోకి రానివ్వను" అన్నారు. నా మనిషే అనుకున్నాను.

బొమ్మల కథల పుస్తకాలన్నీ బల్ల మీద పోసుకుని, అలవాటు ప్రకారం చివరి పేజీల నుంచి మొదలుపెట్టాను. ఓడ మీద వ్యాపారానికి వెళ్లిన తండ్రి కథకి చివరి కాగితం లేదు. ఎవరో కుట్టు దాకా జాగ్రత్తగా లాగేశారు. యుద్ధానికి వెళ్లిన తండ్రి కథకీ లేదు. అడవిలో దారితప్పిన కట్టెలు కొట్టేవాడి కథకీ లేదు. పాతబడి ఊడిపోయాయేమో అనుకుని మిగతావి కూడా తిరగేశాను. తప్పిపోయిన దూడ ఇల్లు చేరిన పేజీ ఉంది. తప్పిపోయిన కుక్కపిల్ల ఇల్లు చేరిన పేజీ ఉంది. తప్పిపోయిన నాన్న ఇల్లు చేరిన పేజీ మాత్రం ఒక్కదాంట్లోనూ లేదు.

మాస్టారికి చూపించాను. "ఏ వెధవో పడవలు చేసుకుని ఆడుకుంటున్నాడు. దొరకనీ, వాళ్ళ నాన్నని పిలిపిస్తాను" అన్నారు.

ఆ శనివారం మధ్యాహ్నం ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి వచ్చింది. పేరు దీప్తి. రెండు జడలు, రంగు వెలిసిన రిబ్బన్లు. పుస్తకం తీసి, మొదటి పేజీ కూడా చూడకుండా నేరుగా వెనక్కి తిప్పింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

"నువ్వూ నాలాగేనా? చివరి పేజీ ముందు చూస్తావా?"

"అవునండి."

"ఎందుకు?"

"బొమ్మ ఉందో లేదో అని టీచర్."

నాలాంటి పిల్ల దొరికిందన్న సంబరంలో నా బ్యాగులో ఉన్న కొత్త పిన్ను తీసి దాని జడకి పెట్టాను. అది దుబాయి వెళ్లిన తండ్రి పండక్కి ఇంటికొచ్చే కథ. చివరి బొమ్మలో అందరూ చాప మీద కూర్చుని భోంచేస్తున్నారు. సోమవారం పుస్తకం తిరిగొచ్చింది. చివరి కాగితం లేదు.

భోజనాల వేళ దాన్ని పక్కకి పిలిచాను. బుకాయిస్తుందనుకున్నాను. బుకాయించలేదు.

"నేనే చింపానండి. అన్నీ నేనే."

"ఏం చేశావు ఆ కాగితాలు?"

"కాలవలో వేశాను."

"ఎందుకమ్మా? ఎంత మంచి బొమ్మలు!"

అది నా మొహంలోకి చూసింది. "మా నాన్న పోయిన తుఫానులో వేటకెళ్లి రాలేదు టీచర్" అంది.

వాళ్ళది సముద్రం దగ్గరి అడవులదీవి. తండ్రితో పాటు పడవలో ఉన్న ఇద్దరూ ఒడ్డుకి కొట్టుకొచ్చారు, ప్రాణం లేకుండా. తండ్రి అలా కూడా రాలేదు. దినాలు చేద్దామని బంధువులంటే తల్లి మంగాయమ్మ ఒప్పుకోలేదు. దీప్తి రేపల్లెలో మేనత్త ఇంట్లో ఉండి చదువుకుంటోంది. శనివారం సాయంత్రం బస్సెక్కి తల్లి దగ్గరికి వెళ్తుంది.

"అమ్మ ఎవరితోనూ మాట్లాడట్లేదని ఒకసారి ఇక్కడి పుస్తకం పట్టుకెళ్లి చదివి వినిపించానండి. చివర్లో నాన్న వచ్చేశాడు. అమ్మ నవ్వింది. తుఫాను తర్వాత నవ్వడం అదే. ఆ రాత్రే నాన్న కంచం తోమి, అన్నం వడ్డించింది. అప్పట్నుంచి రోజూ వడ్డిస్తోంది. ఆయన తినకుండా తను తినదు. రొయ్యల షెడ్డుకి పనికి కూడా మానేసింది. మొన్న నీళ్ళు తెస్తూ పడిపోతే పక్కింటివాళ్ళు లేపారు."

"ఇక్కడికి తెచ్చేసుకోవచ్చుగా?"

"అత్త పక్కగది ఇస్తానంది. అమ్మే రాదు. ఆయన వచ్చేసరికి ఇంటికి తాళం ఉంటే ఎలాగే అంటుంది." దీప్తి రిబ్బను కొస వేలికి చుట్టుకుంటూ నిలబడింది. "నాన్న రాడని ఒప్పుకుంటే అమ్మ నాతో వచ్చేస్తుంది టీచర్. ఒప్పుకోకపోతే అమ్మ కూడా ఉండదు."

నేను తెలివైనదాన్ననుకుని అడిగాను: "మీ అమ్మకి చదువు రాదు కదా. చివర్లో నాన్న రాలేదని నువ్వే మార్చి చదవచ్చు కదా?"

"బొమ్మలో ఉంటాడు కదండీ."

ఆ సాయంత్రం బీరువాలు రెండూ వెతికాను. వెళ్లినవాళ్ళు రాని కథ ఒక్కటన్నా ఉంటుందేమోనని. లేదు. ప్రకాశం మాస్టారి బీరువాలో అందరూ వచ్చేవాళ్ళే.

తెనాలిలో దిగేసరికి ఆయన బండి ఇంకా రాలేదు. బజ్జీలు కొని బెంచీ మీద కూర్చున్నాను. అవి చల్లారిపోయాయి. ఫోను చేస్తే స్విచ్చాఫ్. ఒక బండి వచ్చింది, అందులో ఆయన లేరు. ఫోనులో ఛార్జింగు అయిపోయి ఉంటుందని తెలుసు. బ్యాంకులో పని ఎక్కువై ఉంటుందనీ తెలుసు. అయినా బజ్జీల పొట్లం ఒళ్ళో పెట్టుకుని, తినకుండా, ఎవరినీ తిననివ్వకుండా కూర్చున్నాను. తర్వాతి బండి తలుపు దగ్గర నిలబడి చెయ్యూపుతూ ఆయన దిగారు. "ఇవాళ నీ బజ్జీలకి జ్వరం తగ్గినట్టుందే" అన్నారు పొట్లం పట్టుకుని. ప్లాట్‌ఫారం మీదే ఏడ్చేశాను.

అంతా విన్నాక ఆయన జోకులేయలేదు. రెండు మూడు రోజులు బ్యాంకు అయ్యాక బాపట్లలో పాత పుస్తకాలమ్మే బళ్ళన్నీ వెతికి, అంచులు నలిగిన ఒక బొమ్మల పుస్తకం తెచ్చారు. నేను అలవాటుగా వెనక్కి తిప్పబోతే చెయ్యి అడ్డం పెట్టారు. "చివరిది నేను చూశాలే. నువ్వు మొదటి నుంచి చదువు."

చదివాను. ఏటి ఒడ్డున ఒక పిల్ల. వాళ్ళ నాన్న వరదలో జనాన్ని పడవ మీద దాటించడానికి వెళ్లి తిరిగి రాడు. వాళ్ళు ఎదురుచూస్తారు. చివరి బొమ్మలో తండ్రి కంచం కడిగి అలమరలో బోర్లించి ఉంటుంది. కింద తల్లీ పిల్లా ఎదురెదురుగా కూర్చుని ఉంటారు. ఒకే ఒక్క వాక్యం: "ఆ రోజు అమ్మా నేనూ కలిసి తిన్నాం."

ప్రకాశం మాస్టారికి చూపిస్తే పుస్తకం మూసి దూరంగా జరిపారు. "ఇది పిల్లలకి ఇచ్చేదేనా అమ్మా?"

"ఒక పిల్ల అడిగింది మాస్టారూ."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. పడవల వెధవ ఎవరో ఇక అడగలేదు.

పుస్తకం చేతికిస్తే, "అమ్మ దగ్గర ఒక్కదాన్నే చదవలేను, మీరూ రండి టీచర్" అంది దీప్తి. ఆదివారం చర్చి నుంచి వచ్చి చీర మార్చుకుంటుంటే మా అత్తగారు కృపారాణి, "కొత్త పెళ్లికూతురికి ఆదివారం పూట సముద్రం మీదకి ఏం పనమ్మా? పోనీ వాణ్ని తోడు తీసుకెళ్లు" అన్నారు. మేమిద్దరం జంటగా వెళ్లి ఆవిడ గుమ్మంలో నిలబడటం నాకు నచ్చలేదు. ఒక్కదాన్నే బయల్దేరాను. రేపల్లె దాటాక బస్సులో, జడలోని మల్లెపూలు కూడా తీసి బ్యాగులో పెట్టుకున్నాను.

అడవులదీవిలో దిగేసరికి దీప్తి బస్సు దగ్గర నిలబడి ఉంది. వాళ్ళది ఒక గది రేకుల ఇల్లు. గుమ్మం పక్కన వల మడత పెట్టి ఉంది. దాని మీద దుమ్ము లేదు. మంగాయమ్మ నాకంటే మరీ పెద్దదేం కాదు. మణికట్టు ఎముకలు పొడుచుకొచ్చి, గాజులు మోచేతి దాకా జారిపోతున్నాయి.

"రండమ్మా, కూర్చోండి. దీప్తికి పిన్ను పెట్టింది మీరేగా? టీ పెడతాను." నా వంక చూసి నవ్వింది. "పూలు తీసేశారేంటమ్మా? జడలో రేకులు అలాగే ఉన్నాయి."

చేత్తో జడ తడుముకున్నాను.

"కొత్తగా పెళ్లయిందా? మీ ఆయన ఏం చేస్తారు?"

"బాపట్లలో ఉద్యోగమండి."

"రోజూ వెళ్లొస్తారా?"

"వస్తారండి."

"మంచిది తల్లీ" అంది మనస్ఫూర్తిగా.

పొయ్యి పక్కన స్టీలు కంచంలో అన్నం, చేపల పులుసు. దాని మీద ఇంకో పళ్ళెం మూత. దీప్తి అటు చూడకుండా పుస్తకం తెరిచింది. వరద వచ్చినప్పుడు మంగాయమ్మ మోకాళ్ళు దగ్గరికి లాక్కుంది. పడవ కనిపించకుండా పోయినప్పుడు, "ఏటి పడవే కదా, ఏదో ఒక ఒడ్డుకి చేరుతుందిలే" అంది. దీప్తి ఆగలేదు. ఒక్క మాట కూడా మార్చకుండా చివరి దాకా చదివి, బొమ్మ తల్లి వైపు తిప్పింది.

మంగాయమ్మ చాలాసేపు చూసింది. బోర్లించిన కంచం మీద వేలు పెట్టింది. తర్వాత కాగితం తిప్పింది. అట్ట వచ్చింది. మళ్ళీ వెనక్కి తిప్పి, పుస్తకం మధ్యలో కుట్టు వెంట పైనుంచి కిందికి వేలితో తడిమింది.

"దీంట్లో కూడా చింపేశావా, అమ్మడూ?" అంది.

కోపంగా కాదు. దీప్తి మొహం తెల్లగా పాలిపోయింది. తల్లికి తెలుసని దానికి తెలీదు.

"లేదమ్మా. ఒట్టు. ఇంతే ఉంది."

మంగాయమ్మ నా వైపు తిరిగింది. "మీరు చెప్పండమ్మా. చదువుకున్నవాళ్ళు. ఇంకో కాగితం ఉండాలి కదా?"

దీప్తి నన్నే చూస్తోంది. చివరి పేజీ చూడకుండా ఏ కథా మొదలుపెట్టని మనిషిని నేను. చెప్పాను.

"లేదండి. కథ ఇంతేనండి. ఆయన రాలేదు."

ఆవిడ తల ఊపింది. ఒప్పుకుందనే అనుకున్నాను. దీప్తి కూడా అలాగే అనుకుని తల్లి మోచేయి పట్టుకుంది.

"మీకు తెలీదులే తల్లీ" అంది మంగాయమ్మ, నన్ను ఓదారుస్తున్నట్టుగా. "మీ చేతికి రాకముందే ఎవరో చింపి ఉంటారు. పాపం, వాళ్ళింట్లో కూడా ఎవరో రాలేదేమో."

పుస్తకం మూసి, కొంగుతో తుడిచి దీప్తికి ఇచ్చింది. కూతురి చెయ్యి మెల్లగా విడిపించుకుని లేచింది. కంచం మీది మూత తీసి చూసి, "చల్లారిపోయింది" అనుకుంటూ అన్నం తిరిగి వేడి చెయ్యడానికి పొయ్యి వెలిగించింది. నాకూ దీప్తికీ వడ్డించింది. తను తినలేదు.

సాయంత్రం బస్సులో దీప్తి కిటికీ పక్కన కూర్చుంది. అడవులదీవి దాటే దాకా వెనక్కే చూసింది. ఆ తర్వాత పుస్తకం నా ఒళ్ళో పెట్టింది.

"ఇది వద్దు టీచర్. వచ్చేవారం వేరేది ఇవ్వండి."

"ఎలాంటిది?"

"నాన్న వచ్చేది. బొమ్మ ఉన్నది." జడలోంచి పిన్ను తీసి, మళ్ళీ సరిగ్గా పెట్టుకుంది. "ఈసారి చింపను."